కొట్టేసిన గీత కనబడే పెట్టె

నీ పేరు మీద ఊరు రాసిపెట్టుకున్న షీటును నువ్వు కళ్ళారా చివరిసారి ఎప్పుడు చూశావు? పక్కవాడి వైపు చూడకు. నిన్నే అడుగుతున్నాను.

గాల్లో తేలే మన ఊరి పైన తొడుగు చిరిగిందేమోనని రోజుకు పదిసార్లు తలెత్తి చూస్తావు. ఆసిడ్ చినుకు చెప్పుకు తగిలిందేమోనని అరికాళ్ళు తిప్పి చూసుకుంటావు. నీ నడవడి గురించి నలుగురూ చదివే మాట ఏముందో మాత్రం చూడవు. నేనూ చూడలేదు ప్రియులారా. చూడకపోతే ఏమైందో ఈ దినచర్య చెబుతుంది. మబ్బులపాలెం నడివీధి గోడకు అంటిస్తున్నాను. పని ఉందని తప్పించుకోకుండా, నిలబడి చదువు.

నేను బొంతా ఆశీర్వాదం. మూడో వీధి పంపు మెకానిక్కును. ఏ బైబిల్ కాలేజీ గుమ్మమూ తొక్కలేదు. వాక్యం సొంతంగా నేర్చుకున్నాను, పంపులూ సొంతంగానే. ఈ మధ్య కంప్యూటరు ఫారాలు కూడా.

ఊరు కట్టిన 61వ ఏడు, 203వ రోజు

ఈ ఉదయం రిజిస్టరు ఆఫీసులో కొత్త ప్రోగ్రాం మొదలైంది. పాత మిషను పోయిన నెల పొగ వదిలి చచ్చిపోయింది కదా. సులోచన మేడం, అంటే మన రిజిస్ట్రారు గారు, రెండువేల మూడువందల నలభైమంది షీట్లనూ కొత్త డేటాబేసులోకి మార్పించారు. ప్రార్థనకు నన్ను పిలిచారు. చేశాను. మేడం రెండుసార్లు దగ్గారు. మూడోసారి దగ్గితే ముగించాను.

ఫారం చక్కగా ఉంది. పైన పేరు, వీధి, పని, రక్తం గ్రూపు. కింద పెద్ద పెట్టె ఒకటి, దాని మీద 'నడవడి' అని. ఎలా తెరుచుకుంటుందో చూద్దామని నా షీటూ, ఇంకో ముగ్గురివీ తెరిచాను. పైపైన చూసి మూసేశాను. మూసేముందు ప్రతిసారీ సేవ్ కొట్టాను. నట్టు ముట్టుకోకపోయినా వెళ్ళేముందు ఒక బిగింపు బిగించి వెళ్ళడం పంపు పనివాడి అలవాటు. చెయ్యి ఊరుకోదు.

"దేవునికి స్తోత్రం. పాతవి గతించెను మేడం," అన్నాను.

"గతించకుండా ఉండటానికే కదండీ ఈ ఖర్మంతా," అన్నారావిడ.

సాయంత్రం ఆసిడ్ తొట్లు కడిగాను. రెండు పంపులకు గ్రీజు. గోంగూర పప్పు.

206వ రోజు

దీవెనమ్మ షెడ్డుకు వచ్చింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: అతుకుల మేస్త్రి. ఇరవై అయిదేళ్ళుగా నడుముకు తాడు కట్టుకుని ఊరి తొడుగు మీద బయట వేలాడుతూ చిరుగులు అతుకుతోంది. మనం పీల్చే గాలే మనల్ని ఈ మబ్బుల మీద తేలుస్తోంది కాబట్టి, ఆమె చేతి జిగురులో మనందరి ఊపిరీ ఉంది. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. ఈ రోజు నవ్వు లేదు.

మన పక్కన ఆరు తాళ్ళతో కట్టి ఉన్న రెండోపాలెం సిద్ధమైంది. 220వ రోజు పొద్దున గంట కొట్టగానే తాళ్ళు కోస్తారు. ఆరువందల మందితో అది గాలివాటున పోతుంది. ఇక కలవం. ఆ ఊరికి పెద్దమేస్త్రిగా వెళ్ళాలని దీవెనమ్మ అర్జీ పెట్టుకుంది. ఆ ఊరి తొడుగు కుట్టినప్పటినుంచీ ఆమెకు అదే ధ్యాస. ఏ కుట్టు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతుంది.

రెండోపాలెం కమిటీ ఇచ్చిన చీటీ నా చేతిలో పెట్టింది. తిరస్కరించారు. కారణం, నడవడి పెట్టెలో ఉన్న వాక్యం: 'ఈమె చేతికి ఊరి ప్రాణం అప్పగించరాదు.'

ఆ వాక్యం రాసింది నేనే. పదమూడేళ్ళ కిందట, కూరలు పండే తోట బెలూను గాలి పోయి కిందికి దిగిపోయింది. మూడు నెలలు ఊరు ఆకుకూర మొహం చూడలేదు. ఆ రోజు వాల్వు దగ్గర డ్యూటీ దీవెనమ్మది. నేను ప్రార్థన కూటంలో లేచి ఆమె మీద అగ్గి కురిపించాను. అందరూ ఆమేన్ అన్నారు. ఆ ఊపులోనే వెళ్ళి షీటులో రాసేశాను. పదకొండు నెలలకు వాల్వు విప్పితే వాషరు కుళ్ళిపోయి ఉంది. తప్పు ఆమెది కాదు. అదే షీటులో ఆ వాక్యం మీద గీత కొట్టాను.

"అది కొట్టేశాం కదా చెల్లెమ్మా!"

"కొట్టేశారు బ్రదర్ గారూ. నేను చూశాను. వాళ్ళకి కనబడలేదంట."

మన ఊళ్ళో ఎవరూ దేన్నీ తుడవరు. తుడవకూడదు. మొదటి ఏడాది ఎవరో సిగ్గుపడి గాలి లెక్క ఒకటి తుడిచేస్తే ఒక వీధి వీధంతా నిద్రలోనే పోయింది. అప్పటినుంచి కట్టుబాటు: తప్పు రాస్తే తుడవొద్దు, మీద గీత కొట్టు. రాసిందీ కనబడాలి, అది అబద్ధమనీ కనబడాలి. గీత కొట్టేది రాసినవాడే. అలాంటి ఊళ్ళో గీత కనబడకపోవడం ఏంటి?

207వ రోజు

మేడం దీవెనమ్మ షీటు తెరిచి చూపించారు. నా వాక్యం నిన్న రాసినంత తాజాగా నిలబడి ఉంది. మీద గీత లేదు. ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక వరాలక్కను పిలుచుకొచ్చాను.

వరాలక్కకు డెబ్బై నాలుగు. నలభై ఏళ్ళ కిందట పాత ప్రోగ్రాం రాసింది ఆవిడే. ఇప్పుడు తొట్లలో గోంగూర పెంచుతోంది. కూటానికి రాదు. రమ్మంటే, నీ ప్రసంగం మా ఇంటికే వినబడుతుందయ్యా, మళ్ళీ నడిచి రావడం దేనికి అంటుంది.

తెర వైపు ఒక్క చూపు చూసి చెప్పేసింది.

"గీత అంటే అక్షరం కాదు ప్రసంగీకుడా. మాటకు ముందొక గుర్తు, వెనకొక గుర్తు. ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా కొట్టివేత అని. ముద్దక్షరం, రంగు, గీత, ఎవరు గీశారన్న ముద్ర, అన్నీ అట్లాంటి గుర్తులే. హెచ్‌టీఎంఎల్ అంటారు. నా పాత ప్రోగ్రాంలో పెట్టెకు అవి చదవడం తెలుసు. ఇది వట్టి అక్షరాల పెట్టె. గుర్తుల్ని పక్కకు నెట్టేసి మాటల్నే చూపిస్తోంది."

"అంటే లోపల ఉన్నాయా?"

"చూసి మూసేస్తే ఉంటాయి. సేవ్ కొడితే మాత్రం పెట్టెలో కనబడ్డదే లోపలికి వెళ్ళి కూచుంటుంది. గుర్తులు పోతాయి. పోతే మళ్ళీ రావు."

మేడం చేతిలో టీ గ్లాసు గాల్లోనే ఆగింది. ఈ నాలుగు రోజుల్లో సేవ్ కొట్టిన షీట్లు ఎన్నో లెక్క తీయించారు. నూట అరవై ఒకటి. వరాలక్క అప్పటికప్పుడు నడవడి పెట్టెకు తాళం వేసింది: చదవొచ్చు, లోపలికి ఏదీ పోదు.

"మన దీవెనమ్మ షీటు?" అన్నాను.

"కమిటీవాళ్ళు చదివారంతే. వాళ్ళకు సేవ్ కొట్టే అధికారమే లేదు," అన్నారు మేడం. ఊపిరి పీల్చుకున్నాం. నూట అరవై ఒక్కరి జాబితా బల్ల మీదే ఉంది. తిప్పి చూసినవాడు లేడు.

ఆ వాక్యాన్ని తీసేద్దాం, ఊరిపెద్దలతో నేను మాట్లాడతాను అన్నాను. మాతో వచ్చిన దీవెనమ్మ ఒప్పుకోలేదు.

"తుడవొద్దు బ్రదర్ గారూ. తుడిస్తే ఏదో దాచామనుకుంటారు. నా మీద ఆ మాట పడింది నిజం, అది అబద్ధమని తేలింది నిజం. రెండూ కనబడాలి. ఆ గీతే నా సాక్ష్యం."

ఇన్నేళ్ళుగా ప్రసంగాలు చెబుతున్నాను. క్షమాపణ గురించి ఇంత చిన్న ప్రసంగం నేనెప్పుడూ చెప్పలేదు.

పక్కన 'ఇది కొట్టివేయబడింది' అని టైపు చేయొచ్చు కదా అన్నాను. ఎవడైనా టైపు చేస్తాడు, దానికి ముద్ర లేదు అన్నారు మేడం. వేరే కిటికీలో తెరిచి చూపిస్తే? కుదరదు. ఫారంలో కనబడ్డదే సాక్ష్యమని కట్టుబాటు. కాబట్టి కావలసింది ఒక్కటే. గుర్తులు చదివి, గీత చూపించి, కొత్త గీత కొట్టనిచ్చే ఎడిటర్ ముక్క. అది ఈ ఫారంలోనే, ఆ వట్టి పెట్టె ఉన్నచోట, అంతే కొలతలో కూర్చోవాలి.

అప్పీలు 218వ రోజు. పదకొండు రోజులున్నాయి.

209వ రోజు

పడమటి గోదాము అటక మీద పాత డిస్కుల పెట్టెలు పద్నాలుగు. మొదటివాళ్ళు భూమి నుంచి వస్తూ ఇల్లు ఖాళీ చేసేవాళ్ళలా దొరికిందల్లా వేసుకొచ్చారు. వరాలక్క కింద కుర్చీలో కూర్చుంది. నేను పైనుంచి అందించాను.

"ఇదేంటక్కా?"

"పంటి డాక్టర్ల లెక్కల ప్రోగ్రాం. పక్కన పెట్టు."

"ఇది?"

"పెళ్ళిపత్రికలు వేసేది. నీకు పనికొస్తుందేమో, ఉంచుకో."

నాకు యాభై ఎనిమిది. నవ్వి ఊరుకున్నాను.

సాయంత్రానికి ఎడిటర్ ముక్కలు నాలుగు దొరికాయి. గొర్రెలకాపరి ఇంటికి రాజును వెతుక్కుంటూ వెళ్ళిన ప్రవక్త గుర్తొచ్చాడు. ఆయనా ముందు పొడుగాటి అన్ననే చూసి మురిసిపోయాడు. నేనూ అంతే. మొదటిది పెద్దది, అందమైనది, తెలియని విద్య లేదు. ఫారంలో పెట్టగానే బొమ్మలు, పట్టికలు, అరవై బొత్తాలు. అబ్బో అన్నాను.

వరాలక్క అబ్బో అనలేదు. "ఇది ఎడిటర్ కాదయ్యా. ఒక బ్రౌజరును మొత్తంగా తెచ్చి పెట్టెలో కుక్కారు."

ఆఫీసు మిషన్లు చిన్నవి. ఒక్క షీటు తెరవడానికి మేడం టీ తాగి, గ్లాసు కడిగి, వచ్చి కూర్చుని, మళ్ళీ లేచారు. మూడో షీటుకు మిషను బిగుసుకుపోయింది. రాక్షసుడి మీదికి వెళ్ళే కుర్రవాడికి రాజుగారు తన కవచం తొడిగితే ఏమైంది? అడుగు పడలేదు. విప్పి పక్కన పెట్టాం.

210వ రోజు

రెండోది తేలిక. గీత కొట్టింది, చూపించింది. హల్లెలూయ అని నేను అరవడమూ, తెర మీద ఒక మాట రావడమూ ఒక్కసారే జరిగాయి: దీన్ని తయారుచేసినవాళ్ళ అనుమతి కోసం వేచి ఉండండి.

"వాళ్ళెక్కడుంటారు?"

"భూమ్మీద."

రేడియోలో అడిగాం. మాట వెళ్ళడానికి పది నిమిషాలు, రావడానికి పది. జవాబు వచ్చింది: ఆ కంపెనీ మూతపడి నలభై ఏళ్ళు. తలుపు మూశాక బయట నిలబడి తట్టిన కన్యకల్లా ఉంది మా పరిస్థితి. దీపంలో నూనె నిండుగా ఉంది. తలుపు తీసేవాడు లేడు.

212వ రోజు

మూడోది నాకు మహా నచ్చింది. అది రాసేదంతా శుభ్రం. అడ్డదిడ్డంగా ఉన్న గుర్తులన్నీ సర్ది, కడిగి, వరుసలో పెడుతుంది. వరాలక్క ఒక పాత షీటు పెట్టి చూసింది. తెలుగు ఒత్తులు కొన్ని విడిపోయి పక్కకు వచ్చాయి, అది సర్దుకోవచ్చులే అంది. తర్వాత కళ్ళజోడు పైకి జరుపుకుంది.

"గీత ఏది?"

లేదు. మన షీట్లలో గీత గుర్తు పాతకాలపుది. ఇది దాన్ని చెత్త అనుకుని ఊడ్చేసింది.

గిన్నె బయట తోమి తోమి మెరిపించి, లోపలున్నది పట్టించుకోని పరిసయ్యుల మీద నేను ఎన్ని కూటాల్లో మండిపడ్డానో మీకు తెలుసు. ఇన్నాళ్ళకు ఒకణ్ణి డిస్కులో చూశాను.

దీవెనమ్మ మధ్యాహ్నం తలుపు దగ్గర నిలబడి అడిగింది. "దొరికిందా?"

"దొరుకుతుంది చెల్లెమ్మా. నీకు మాటిచ్చాను."

"ఎప్పుడిచ్చారు?" అంది. నిజమే. ఇవ్వలేదు. ఇప్పుడిచ్చాను.

214వ రోజు

నాలుగోది నేను లెక్కలోకే తీసుకోలేదు. డిస్కు మీద పేరు కూడా సరిగా లేదు. ఎవరో ఒక్క మనిషి తన ఇంట్లో కూర్చుని రాసుకున్నదట. దానితో వచ్చిన కాగితంలో మూడే లైన్లున్నాయి. బొత్తాలు అయిదే: ముద్దక్షరం, వాలు అక్షరం, రంగు, గీత, వెనక్కి. బొమ్మలు పెట్టలేదు, పట్టికలు గీయలేదు.

"గొర్రెల దగ్గరున్న చిన్నోడు, చివరికి రాజైంది వాడే," అన్నాను.

"నీ గొర్రెల సంగతి తర్వాత. ఆ పెట్టె కొలత చదువు."

పెట్టాం. ఒత్తులు కుదురుగా ఉన్నాయి. గీత ఉంది. పాతకాలపు గుర్తును ఉన్నదున్నట్టు ఉంచింది. మిషను బిగుసుకోలేదు. మేడం టీ వేడిగానే తాగారు. ప్రియులారా, కట్టేవాళ్ళు పక్కన పారేసిన రాయి మీద నేను లెక్కలేనన్ని ప్రసంగాలు చెప్పాను. నాలుగో డిస్కును చివరిదాకా పారేసినవాణ్ణి మాత్రం నేనే.

215వ రోజు

తొందరపడ్డాను. పెట్టెలో కొత్త గీత కొట్టి తర్వాతి షీటుకు వెళ్ళి వెనక్కి వస్తే గీత లేదు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ లేదు.

"మాట వింటుంది, ఇంట్లో చెప్పదు," అంది వరాలక్క. "లోపల మార్పు జరిగిందని ఇది ఫారంకు చెప్పడం లేదు. ఫారం ఏమీ మారలేదనుకుని ముందుకు పోతోంది. రెంటికీ సంబంధం కలపాలి."

"అంటు కట్టినట్టా? అడవి కొమ్మను తెచ్చి మంచి చెట్టుకు..."

"ఆఁ, నీ ఒలీవ చెట్టే. ఈసారికి సరిగ్గానే చెప్పావు. కదలకుండా కూచో."

పదకొండు లైన్లు రాసింది. షీటు తెరిచినప్పుడు డేటాబేసులోని మాటను గుర్తులతో సహా పెట్టెకు అందించడం, పెట్టెలోంచి బయటికి వచ్చేటప్పుడు మారిందాన్ని తీసి డేటాబేసు చేతిలో పెట్టడం. అంతే. రెండుసార్లు తప్పు పోయింది. మూడోసారి గీత కొట్టి, పక్క షీటుకు వెళ్ళి, నీళ్ళు తాగి వచ్చి చూశాం. గీత అక్కడే ఉంది.

ముసలావిడ కుర్చీలో వెనక్కి వాలి, "కావాలంటే ఇప్పుడు అరుచుకో," అంది. అరిచాను.

217వ రోజు

అయిదు మిషన్లలోనూ పెట్టేశాం. మేడం వరసగా షీట్లు తెరుస్తుంటే కొట్టేసిన గీతలు ఒక్కొక్కటే కనబడుతున్నాయి. ఫలానావాడు మంచినీళ్ళు దొంగిలించాడు, గీత. ఫలానామె అబద్ధపు సాక్ష్యం చెప్పింది, గీత. నా కళ్ళు తడిశాయి. మన ఊరు ఇన్నిసార్లు మనసు మార్చుకుందని నాకు తెలియదు.

"ఇక దీవెనమ్మది," అన్నాను.

తెరిచారు. నా వాక్యం ఉంది. గీత లేదు.

పెట్టె పాడైందేమోనని ఇంకో మిషను మీద చూశాం. అక్కడా లేదు. వరాలక్క ఫారం కింద చిన్న అక్షరాలున్నచోట వేలు పెట్టింది.

చివరగా సేవ్ చేసినవారు: బొంతా ఆశీర్వాదం. 203వ రోజు.

బల్ల మీది జాబితా తీసి చూశాను. తొమ్మిదో పేరు దీవెనమ్మది. పదిరోజులుగా నా మోచేతి కిందే ఉంది.

ఎందుకు తెరిచానో మీకు చెప్పాలి. ఆ రోజు తెరిచిన నలుగురి షీట్లలో ఆమెది ఊరికే తెరవలేదు. నేను కొట్టిన గీత అక్కడ ఉందో లేదో చూద్దామని తెరిచాను. పదమూడేళ్ళుగా ఆ మాట నన్ను గుచ్చుతోంది. తెరిచాక చూడటానికి ధైర్యం చాలలేదు. కళ్ళు పక్కకు తిప్పుకుని, సేవ్ కొట్టి మూసేశాను.

నేరుగా తొడుగు గేటు దగ్గరికి వెళ్ళాను. ఆమె బయట తూర్పు వైపు వేలాడుతోంది. సూటు ఫోనులో చెప్పాను. పసుపు మబ్బులో చుక్కలా కనబడుతున్న ఆమె చెయ్యి అతుకు మీద ఆగింది.

"అంటే నా మీద మీరు రెండుసార్లు రాశారన్నమాట బ్రదర్ గారూ."

"అవునమ్మా."

"మొదటిసారి కోపంతో. ఈసారి దేనితో?"

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను. 

"జిగురు ఆరిపోతోంది," అంది. "రేపు మాట్లాడదాం."

218వ రోజు

రిజిస్టరు ఆఫీసు కిక్కిరిసింది. రెండోపాలెం కమిటీ పెద్ద గుత్తుల సమాధానం గారు, దీవెనమ్మ షీటు తెరిచి ఉంచిన నాలుగో బల్ల దగ్గర కూర్చున్నారు. పేరుకు తగ్గట్టు నెమ్మది మనిషి, కానీ ప్రశ్న వదలడు. దీవెనమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. నడుముకు తాడు ఇంకా ఉంది, పని మధ్యలో వచ్చింది.

"పోయిన గీతను మళ్ళీ గీయొచ్చు. రాసినవారే గీయాలి," అన్నారాయన. "కానీ ఆశీర్వాదం గారూ, పదిహేను రోజుల్లో ఒకసారి ఉందనీ, ఒకసారి పోయిందనీ, మళ్ళీ గీస్తామనీ అంటే ఆరువందల ప్రాణాలు నేనెలా నమ్మాలి? కారణం చెప్పండి. అప్పుడు ఎందుకని కొట్టేశారు?"

"వాల్వులో వాషరు కుళ్ళిపోయిందని తేలింది."

"ఎవరు మార్చాలి ఆ వాషరు?"

ఆఫీసులో పంపు ఆడుతోంది. అది నేను గ్రీజు పెట్టిన పంపే.

నేను లేచి నాలుగో బల్ల దగ్గర కూర్చున్నాను. వాక్యం మీద వేలు లాగి, గీత బొత్తం నొక్కాను. గీత పడింది. అక్కడితో లేచిపోవచ్చు. దాని కింద ముద్దక్షరాల్లో టైపు చేశాను. రెండు వేళ్ళతో కొడతాను కాబట్టి అందరూ ఒక్కో అక్షరమూ చదివారు.

'ఈ మాట అబద్ధం. ఆ వాషరు మార్చే వంతు నాది. నేను మార్చలేదు. తెలిసే ఈమె మీద రాశాను. కారణం అడిగేవారు లేరని గీత కొట్టినప్పుడూ నా పేరు రాయలేదు.'

సేవ్ కొట్టాను. పక్క షీటుకు వెళ్ళి వెనక్కి వచ్చి చూపించాను. గీత ఉంది. మాట ఉంది. నా ముద్ర ఉంది.

కూటంలో నా పక్కన కూర్చునే ముసలాయన తల దించుకున్నాడు. వెనకనుంచి ఎవరో, "మూడు నెలలు ఎండు చేపలే తిన్నాం కదరా నీవల్ల," అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు నాకు చాలా మేలు చేసింది.

సమాధానం గారు తెర మీది మాట చదివి, దీవెనమ్మ వైపు తిరిగారు. "అమ్మా, రెండోపాలెం తొడుగులో బలహీనమైన కుట్టు ఎక్కడుంది?"

"ఉత్తరం వైపు, పద్దెనిమిదో పట్టీ. నిన్న అతికాను. ఇంకో పూత వేయాలి."

"వెయ్యండి. పెద్దమేస్త్రి మీరే."

చప్పట్లు. వరాలక్క కూడా కొట్టింది, మేడం చూస్తే ఆపేసింది.

"మరి ఈయన షీటు?" అన్నారు సమాధానం గారు. అన్యాయం జరిగినవారే రాయాలి కదా. మేడం నా షీటు తెరిచి కీబోర్డు దీవెనమ్మ వైపు జరిపారు. ఆమె జిగురు అంటిన వేళ్ళు తుడుచుకుని, నిలబడే టైపు చేసింది. ఒక్క లైను: 'ఈయన వాషరు మార్చలేదు, పదమూడేళ్ళు చెప్పలేదు.'

అంతే. అగ్గి లేదు. ఊరి ప్రాణం అనలేదు. నేను ఆమె మీద రాసిన దాని పక్కన పెట్టి చూసుకున్నాను. సిగ్గేసింది.

"కొట్టేస్తావా చెల్లెమ్మా?" అనేశాను. తొందర నాకు పుట్టుకతో వచ్చింది.

చాన్నాళ్ళకు నవ్వింది. "ఇప్పుడే కదా రాశాను బ్రదర్ గారూ, ఆరనివ్వండి. ఎల్లుండి పొద్దున దాకా నేను ఇక్కడే ఉంటాను."

219వ రోజు

ఈ రోజు మిగిలింది. ఒక్కటే రోజు.

నేను పాడుచేసినవాటిలో ఒక్క షీటు సంగతి చెప్పాను. జాబితాలో ఇంకా నూట అరవై ఉన్నాయి. ఈ కాగితం పక్కనే అంటించాను, చూడు. ఆ నూట అరవై మంది మీద ఎవరో ఎప్పుడో రాసి, మనసు మార్చుకుని, గీత కొట్టిన మాటలు ఇప్పుడు మళ్ళీ గీత లేకుండా నిలబడి ఉన్నాయి. అందులో యాభై మూడుమంది రేపు రెండోపాలెంలో వెళ్ళిపోతున్నారు. తాళ్ళు తెగాక వాళ్ళ షీట్లు వాళ్ళతోనే పోతాయి. కొత్త ఊరివాళ్ళు దొంగ అని చదువుతారు, అబద్ధాలకోరు అని చదువుతారు. నువ్వు ఎప్పుడో క్షమించావని వాళ్ళకు ఎవరు చెబుతారు?

క్షమించాను, మనసులో ఉందిలే అంటావా? నా మనసులో పదమూడేళ్ళు ఏముందో నిన్న చూశావు. కానుక చేతిలో పట్టుకుని బలిపీఠం దాకా వెళ్ళినా, సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే కానుక అక్కడే పెట్టి ముందు వాడి దగ్గరికి వెళ్ళాలని కదా మనం నేర్చుకుంది. రేపటి కూటం తర్వాత అని అక్కడ లేదు.

నాలుగో బల్ల తెరిచే ఉంది. పెట్టె పనిచేస్తోంది. బొత్తం ఎక్కడుందో వరాలక్క చూపిస్తుంది, తిడుతుంది కూడా, భరించు. నువ్వు రాసిన మాట ఉంటే నీ చేత్తో గీత కొట్టు. నీ మీద రాసిన మాట ఉంటే, రాసినవాడి తలుపు తట్టి వెంట తెచ్చుకో. సాయంత్రం గంట దాకా మేడం కుర్చీ వదలనన్నారు.

నా షీటులో లైను ఇంకా గీత లేకుండానే ఉంది. కొట్టేస్తుందో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు ఉందో లేదో కూడా తెలియదు. దీవెనమ్మ ఇప్పుడు ఉత్తరం వైపు పద్దెనిమిదో పట్టీకి రెండో పూత వేస్తోంది. జిగురు డబ్బా మోయడానికి మనిషి కావాలంది. నేను సూటు తొడుక్కుంటున్నాను.

నువ్వు ఇంకా ఇక్కడే నిలబడి చదువుతున్నావా? చాలు. జాబితాలో పేరు చూడు. చెప్పులు వేసుకో. పద, ఈ రోజే.